పెరుగుతున్న ఊరికి ఏ తరహా చిన్న ఇళ్లు మేలు?

కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారికి అద్దెకు ఇల్లు దొరకదు. చదువు ముగించిన పిల్లలు వేరుగా ఉండాలంటే ఊరే వదలాలి. వయసు మళ్లిన దంపతులు పెద్ద ఇంట్లో రెండు గదులకు తాళం వేసుకుని కాలం గడుపుతుంటారు. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే ఆ ఊరికి ఉన్నది ప్రధానంగా చిన్న ఇళ్ల కొరత. సమావేశం పెడితే ఎవరో ఒకరు లేచి, "చిన్న ఇళ్లు కట్టేద్దాం, చవకలో అయిపోతుంది" అంటారు. అందులో సగమే నిజం.

ఇంట్లో ఖరీదైన భాగాలు వంటగది, స్నానాలగది, వాటికి నీళ్లు తెచ్చే, మురుగు తీసుకుపోయే పైపులు. పడకగది అంటే నాలుగు గోడలు, ఒక కప్పు, రెండు కిటికీలు. 1,200 చదరపు అడుగుల ఇంటిని 600కు కుదిస్తే పోయేవి చాలావరకు పడకగదులే. వంటగది, మరుగుదొడ్డి ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి విస్తీర్ణం సగమైనా ఖర్చు సగం కాదు. చదరపు అడుగు లెక్కన చూస్తే చిన్న ఇల్లే ఎక్కువ పడుతుంది. ఆపైన ఒక్కో ఇంటికి మునుపటంత ప్లాటు, అంతే పొడవు రోడ్డు, రెండు కార్ల జాగా ఇస్తే ఆదా పేరుకే మిగులుతుంది. ఇంటితోపాటు దాని వంతుకు వచ్చే నేల, రోడ్డు, పైపు కూడా తగ్గినప్పుడే చిన్న ఇల్లు నిజంగా చవకవుతుంది. కింది పద్ధతులన్నింటినీ ఈ కొలబద్దతోనే కొలిచాను.

నేల లెక్క

ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. రోడ్లకు, ఖాళీ స్థలాలకు మూడో వంతు పోతుందనుకుంటే ప్లాట్లకు దాదాపు 29,000 మిగులుతాయి. ప్లాటు 5,000 చదరపు అడుగులైతే అందులో అయిదారు ఇళ్లు వస్తాయి. 1,400 అయితే 20 వస్తాయి. ప్లాటు వెడల్పు వీధి వైపు 50 అడుగుల నుంచి 20కి తగ్గితే, ఒక్కో ఇంటి వంతుకు వచ్చే రోడ్డు, మంచినీటి గొట్టం, మురుగు పైపు పొడవు 60 శాతం తగ్గుతుంది. ఈ ఆదా ఒక్కసారితో పోదు. ఆ రోడ్డుకు మరమ్మతు, ఆ గొట్టం మార్పిడి ఎప్పటికీ ఊరి ఖాతాలోనే ఉంటాయి గనుక ఏటేటా కలిసివస్తుంది.

కారు సంగతి వేరే చెప్పాలి. కారు నిలపడానికి, లోపలికి బయటికి తిప్పడానికి కలిపి సుమారు 300 చదరపు అడుగులు కావాలి. ఇంటికి రెండు కార్ల జాగా తప్పనిసరి చేస్తే, 600 చదరపు అడుగుల మనుషుల ఇంటి పక్కన 600 చదరపు అడుగుల కార్ల ఇల్లు కేటాయించినట్టే. కారు లేని కుటుంబం కూడా దాని ఖర్చు మోస్తుంది. అమెరికాలో బఫెలో నగరం 2017లో, మినియాపొలిస్ 2021లో ఈ కనీస పార్కింగ్ నియమాన్ని ఎత్తేశాయి. ఎత్తేయడం అంటే పార్కింగ్‌ను నిషేధించడం అనుకుని చాలామంది గొడవకు దిగుతారు. ఎంత కావాలో కట్టేవారు, కొనేవారు నిర్ణయించుకుంటారు, అంతే. నన్నడిగితే ఏ తరహా ఇల్లు ఎంచుకున్నా ముందు మార్చాల్సిన నియమం ఇదే. దీన్ని మార్చకుండా మిగతా పోలికలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి.

వరస ఇళ్లు

చిన్న ప్లాటులో విడిగా నిలబడే ఇల్లు, ఉమ్మడి గోడతో వరసగా కట్టే ఇల్లు: ఈ రెంటిలో నా ఓటు వరస ఇంటికే. చిన్న ప్లాటులో రెండు ఇళ్ల మధ్య నాలుగడుగుల సందు వదిలితే అందులోకి వెలుగు రాదు, మనిషి పోడు, చెత్త మాత్రం చేరుతుంది. గోడలు కలిపేస్తే ఆ నేల పెరటిలోకి వస్తుంది. బయటి గోడలు తగ్గుతాయి గనుక ఎండ, చలి కూడా తక్కువ తగులుతాయి. పక్కింటి చప్పుడు వినిపిస్తుందన్న భయం న్యాయమైనదే. గోడ మందం, నిప్పు పక్కింటికి పాకకుండా ఆ గోడను కప్పుదాకా లేపడం, ఈ రెండూ కట్టేటప్పుడే చూసుకోవాలి. తరవాత దిద్దుకోవడం దాదాపు అసాధ్యం.

అమెరికాలోని హ్యూస్టన్ నగరం 1998లో లోపలి రింగు రోడ్డు పరిధిలో కనీస ప్లాటును 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు దించింది. 2013లో ఆ వెసులుబాటును మిగతా నగరానికీ పంచింది. పాత ఇల్లు ఒకటి ఉన్నచోట సన్నని ఇళ్లు మూడు లేచాయి. ఇందులో నాకు నచ్చిన తెలివి ఇంకొకటుంది: ఇష్టంలేని వీధివారు అర్జీ పెట్టుకుని తమ వీధికి పెద్ద ప్లాటు నియమాన్నే ఉంచుకోవచ్చు. ఊరంతటినీ ఒప్పించేదాకా ఆగే బదులు, వద్దన్న వీధిని పక్కనపెట్టి పని సాగించడం ఎంతో హాయి.

లోపాలూ ఉన్నాయి. 20 అడుగుల వెడల్పు ఇంటికి కారు షెడ్డు పెడితే కింది అంతస్తు వీధి వైపు అంతా షట్టరే అవుతుంది. నివాసమంతా పైకి పోతుంది, మోకాళ్ల నొప్పులవారికి రోజూ మెట్లే. వృద్ధులు ఎక్కువున్న ఊరికి ఇది మొదటి ఎంపిక కాదు.

పెరటి ఇల్లు

ఉన్న ఇంటి పెరట్లో గాని, షెడ్డు మీద గాని మరో చిన్న ఇల్లు. రోడ్డు కొత్తగా వేయనక్కరలేదు, నేల కొననక్కరలేదు. కొలబద్ద ప్రకారం దీనికే మొదటి బహుమతి రావాలి. కెనడాలోని వాంకూవర్ నగరం 2009 నుంచి వెనక వీధి వైపు ఇలాంటి ఇళ్లకు అనుమతిస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2016 నుంచి వరసగా చట్టాలు చేసి, స్థానిక సంస్థలు అడ్డుచెప్పే వీలును ఒక్కొక్కటిగా తీసేసింది. 750 చదరపు అడుగుల లోపు పెరటి ఇంటికి అభివృద్ధి రుసుములు వేయకూడదని కూడా చెప్పింది. ఈ చట్టాలు వచ్చాకే అక్కడ అనుమతుల సంఖ్య ఊపందుకుంది.

అయినా దీన్ని ఊరి ప్రణాళికకు వెన్నెముకగా పెట్టుకోవద్దంటాను. ఎన్ని వస్తాయో, ఎప్పుడు వస్తాయో ఊరి చేతిలో ఉండదు. ఒక్కో ఇంటి యజమాని మనసు, చేతిలో డబ్బు, బ్యాంకు అప్పు కలిసిరావాలి. వచ్చినా కొన్ని బంధువులకు, కొన్ని పర్యాటకులకు రోజువారీ అద్దెకు పోతాయి. పర్యాటకుల అద్దెను నియమంతో అదుపు చేయవచ్చు. బంధువులకు ఇచ్చుకోవడం తప్పేమీ కాదు, వాళ్లకూ ఇల్లు కావాలి కదా. సాధారణంగా దీన్ని విడిగా అమ్మే వీలుండదు. సొంత ఇల్లు కావాలన్నవారికి ఇది దారి చూపదు. అనుమతి ఇవ్వాలి, రుసుము తగ్గించాలి, రెండు మూడు నమూనా నక్షాలు ముందే ఆమోదించి ఉచితంగా ఇవ్వాలి, వచ్చినన్ని వచ్చాయనుకోవాలి.

ఉమ్మడి ముంగిలి ఇళ్లు

పచ్చిక ముంగిలి చుట్టూ ఎనిమిదో పదో చిన్న ఇళ్లు, కార్లన్నీ ఒక పక్కన. ఫొటోల్లో చూడగానే అందరూ మనసు పారేసుకునేది దీని మీదే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని లాంగ్లీ అనే చిన్న పట్టణం 1995లో ఇందుకు ప్రత్యేక నియమం చేసింది. మామూలుగా నాలుగు ఇళ్లు వచ్చే నేలలో అక్కడ ఎనిమిది వచ్చాయి. ఒంటరిగా ఉండేవారికి, పదవీ విరమణ చేసినవారికి ఇది చక్కగా నప్పుతుంది: నేల మీదే ఇల్లు, ఎదురుగా మనుషులు.

చవక మాత్రం కాదు. ప్రతి ఇంటికీ నాలుగు బయటి గోడలు, విడి పునాది, విడి కప్పు. నేల రెట్టింపు ఇళ్లకు సరిపోయినా ఆ సంఖ్య వరస ఇళ్లంత ఉండదు. అందం వల్ల గిరాకీ పెరిగి ధర కూడా పైకి పోతుంది. ఊరు పెద్దలు తమ చుట్టుపక్కల ఒప్పుకునే ఏకైక రకం ఇదే అయినప్పుడు, మొదటి మెట్టుగా పనికొస్తుంది.

మూడంతస్తుల భవనాలు

నాలుగు నుంచి పన్నెండు ఇళ్లున్న, లిఫ్టు లేని రెండు మూడంతస్తుల భవనం. ఫొటోకు ఎవరూ ఎగబడరు, కానీ నా లెక్కలో అన్నింటికన్నా ముందున్నది ఇదే. ఒకే పునాది, ఒకే కప్పు, ఒకే మెట్లు, ఒకే మురుగు పైపు. స్నానాలగదులు ఒకదాని మీద ఒకటి పేర్చితే గొట్టం నిలువుగా దిగిపోతుంది. లిఫ్టు, నీటి ఒత్తిడికి పెద్ద పంపులు, ఎత్తు భవనాలకు పెట్టే అగ్నిమాపక ఏర్పాట్లు ఏవీ అక్కరలేదు. మామూలు మేస్త్రీలు కట్టగలరు. కింది అంతస్తు వృద్ధులకు, నడవలేనివారికి కేటాయిస్తే మెట్ల సమస్య చాలావరకు తీరుతుంది.

అయితే అనుమతి ఇచ్చామని చెప్పుకోవడం వేరు, కట్టేలా చేయడం వేరు. మినియాపొలిస్ 2018లో ఆమోదించిన ప్రణాళికతో, ఒక ఇల్లే ఉండాల్సిన ప్లాట్లలో మూడిళ్లకు అనుమతించి దేశమంతా పేరు తెచ్చుకుంది. తీరా చూస్తే ఆ మూడిళ్ల భవనాలు కొద్దిగానే వచ్చాయి. కొత్త ఇళ్లలో అధిక భాగం బస్సు, రైలు దారుల వెంట వచ్చిన పెద్ద భవనాల్లోనే. కారణం సులువుగానే తెలుస్తుంది. ఇళ్ల సంఖ్య మూడుకు పెంచినా, మొత్తం కట్టదగిన విస్తీర్ణం చాలాచోట్ల ఒక ఇంటికి ఉన్నంతే ఉంచారు. అంత చిన్న భవనం కోసం ఉన్న ఇంటిని కూల్చి మూడు వంటగదులు కట్టేది ఎవరు? న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016 ప్రణాళికలో నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఎత్తు, విస్తీర్ణ పరిమితులు కూడా సడలించింది. అక్కడ వరస ఇళ్ల అనుమతులు పోటెత్తాయి. సంఖ్య ఒక్కటే పెంచి చేతులు దులుపుకుంటే పని జరగదు: ఎత్తు, సెట్‌బ్యాక్ (ప్లాటు హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), విస్తీర్ణం, పార్కింగ్ నాలుగూ కలిపి చూడాలి. నాలుగింటిలో ఒక్కటి బిగుసుకున్నా మిగతా మూడు సడలించి లాభం లేదు.

ఎత్తైన అపార్ట్‌మెంట్లు

నేల ధర ఆకాశాన్నంటేచోటనే ఎత్తు గిట్టుబాటవుతుంది. మధ్యస్థాయి ఊళ్లో పదంతస్తుల భవనం కడితే నేల మీద మిగిలిందంతా లిఫ్టు, పంపు, జనరేటర్ మింగేస్తాయి. అసలు ప్రశ్న పదిహేనేళ్ల తరవాత ఆ లిఫ్టు ఎవరు బాగుచేయిస్తారన్నది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1950లలో పేదల కోసం కట్టిన ప్రూయిట్-ఐగో సముదాయంలో 11 అంతస్తుల భవనాలు 33 ఉండేవి. నిర్వహణ ఖర్చంతా అద్దెల నుంచే రావాలి. ఊరి జనాభా తగ్గి ఇళ్లు ఖాళీ అయ్యేసరికి అద్దె పడిపోయింది, మరమ్మతులు ఆగాయి, ఇంకా జనం వెళ్లిపోయారు. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. దీనికి భిన్నంగా, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1930లో పూర్తయిన కార్ల్-మార్క్స్-హోఫ్ కిలోమీటరుకు పైగా పొడవున్న భవనం. 1,382 ఇళ్లతో కట్టారు. అది ఇప్పటికీ నగరపాలక సంస్థ చేతిలోనే ఉంది, జనం కాపురం ఉంటున్నారు. వియన్నాలో నగరం, లాభాపేక్ష పరిమితంగా ఉన్న సంఘాలు కలిసి జనాభాలో దాదాపు సగం మందికి ఇళ్లిస్తున్నాయి. దశాబ్దాలుగా దాన్ని నడిపే సిబ్బంది, నిధులు ఉన్నాయి. మీ ఊరికి అలాంటి సంస్థ లేకపోతే ఎత్తు భవనం జోలికి పోవద్దు.

పెరిగే ఇల్లు

డబ్బు బాగా తక్కువ, జనం ఎక్కువ అయిన ఊరికి ఇది చూడాల్సిన దారి. పూర్తి ఇల్లు కట్టకుండా, కుటుంబం తనంతట తాను కట్టుకోలేని భాగం మాత్రం ఊరు కట్టిస్తుంది. మిగతాది వాళ్లు తీరికను బట్టి, సంపాదనను బట్టి పెంచుకుంటారు.

ఇందోర్‌లో 1980లలో వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీలో సుమారు 6,500 ప్లాట్లు. అతి చిన్న ప్లాట్లవారికి ఇచ్చింది అరుగు, మరుగుదొడ్డి, నీరు, కరెంటు. పెద్ద ప్లాట్లు, వాణిజ్య స్థలాలు అమ్మిన డబ్బు చిన్నవారికి ఆసరా అయింది. 1995లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. చిలీలోని ఇకికేలో 2004 ప్రాంతంలో కట్టిన కింటా మొన్రాయ్ మరో దారి తొక్కింది. సుమారు వంద కుటుంబాలు నగరం నడిబొడ్డున అర హెక్టారు నేలలో 30 ఏళ్లుగా గుడిసెలు వేసుకుని ఉన్నాయి. ప్రభుత్వ సబ్సిడీతో అక్కడ నేల కొని పూర్తి ఇళ్లు కట్టడం కుదరదు. ఊరవతలికి తరలిస్తే కుదురుతుంది, కానీ పని పోతుంది. వాస్తుశిల్పి అలెహాంద్రో అరవేనా నేతృత్వంలోని ఎలెమెంటల్ బృందం సగం ఇల్లు కట్టి, పక్కన అంతే ఖాళీ వదిలింది. కట్టిన సగంలో నిర్మాణానికి ఆధారమైన గోడలు, వంటగది, స్నానాలగది, మెట్లు ఉన్నాయి. ఖాళీని కుటుంబాలు తమకు తోచినట్టు నింపుకున్నాయి.

ఇక్కడ గుర్తించాల్సింది, ఖర్చు కుదరనప్పుడు వాళ్లు ఇంట్లో కోత పెట్టారు గాని నేల ఉన్నచోటును వదల్లేదు. చాలా పథకాలు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాయి. ఊరికి పది కిలోమీటర్ల అవతల చవక నేల కొని, చక్కటి ఇళ్లు కట్టి, బస్సు లేక తాళాలు వేసుకునేలా చేస్తాయి.

ఈ పద్ధతికి ఒక షరతు. పైకి పెంచే గది భారాన్ని పునాది ముందే మోసేలా ఉండాలి, పెంచేటప్పుడు సలహా చెప్పే ఇంజినీరు ఒకరు ఊళ్లో అందుబాటులో ఉండాలి. ఆ జీతం మిగుల్చుకుంటే ఆ తరవాత గోడలే చెబుతాయి. వీధి వైపు ఎంతదాకా రావచ్చో మొదటిరోజే గీత గీయాలి, లేకపోతే అయిదేళ్లలో వీధి సగమవుతుంది.

చక్రాల మీది బుల్లి ఇళ్లు

వీటి మీద ఉన్న మోజు నాకు లేదు. అమెరికాలో స్థానిక ప్రభుత్వాలు నమూనాగా తీసుకునే నివాస నిర్మాణ నియమావళి 2018 సంచికలో 400 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ప్రత్యేక అనుబంధం చేర్చారు. అటక మీద పడక, నిచ్చెన మెట్లు లాంటివాటికి అందులో సడలింపులున్నాయి. పునాది మీద నిలిపితే సరే, ఇల్లే. చక్రాల మీద ఉంటే చాలాచోట్ల చట్టం దాన్ని వాహనంగానే చూస్తుంది: గృహరుణం రాదు, మురుగు కనెక్షన్ ఇవ్వరు, విలువ వాహనంలాగే తరుగుతుంది. ఆపదలో తాత్కాలిక నీడకు బాగుంటుంది. ఇంగ్లండ్ 2015లో వెలువరించిన జాతీయ ప్రమాణంలో ఒక్క మనిషికి కూడా కనీసం 37 చదరపు మీటర్లు, అంటే దాదాపు 400 చదరపు అడుగులు పెట్టారు. ఏళ్ల తరబడి ఉండే ఇంటికి నేనూ అంతకన్నా కిందికి దిగను.

ఎవరి పేరున?

ఇల్లు ఏ తరహాదైనా, మొదటి కొనుగోలుదారుకు సబ్సిడీ ఇచ్చి వదిలేస్తే పదేళ్లకు అది బజారు ధరకు అమ్ముడవుతుంది. ఊరు పెట్టిన డబ్బు ఒక కుటుంబానికి లాటరీ అవుతుంది, తరవాతివారికి ఏమీ మిగలదు. అద్దెకు ఉంచితే ఈ చిక్కు లేదు, కానీ నడిపే సంస్థ కావాలి. ఈ రెంటికీ మధ్య దారి సామూహిక భూ ట్రస్టు. నేల ట్రస్టు పేరున, ఇల్లు కుటుంబం పేరున, దీర్ఘకాలపు లీజు. 1969లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతుల కోసం మొదలైన ఆలోచన ఇది. అదే దేశంలో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో 1984లో నగరం సాయంతో పెట్టిన ట్రస్టులో అమ్మేవారికి తాము కట్టిన అసలుతో పాటు పెరిగిన విలువలో 25 శాతం వస్తుంది, మిగతాది ఇంటితోనే ఉండి తరవాతి కుటుంబానికి ధర తగ్గిస్తుంది. పిల్లలకు ఆస్తి మిగల్చాలని కొనేవారికి ఇది రుచించదు, అది దాచకుండా చెప్పాలి. అద్దె కట్టలేక ఊరు వదిలే స్థితిలో ఉన్నవారికి మాత్రం మంచి బేరమే.

ఏ ఊరికి ఏది

ఊరి మధ్యలో రోడ్లు, పైపులు ఉండి, ఇళ్లు పలచగా ఉంటే: మూడంతస్తుల భవనాలు, వరస ఇళ్లు, వాటితోపాటు పెరటి ఇళ్లు. అంచున కొత్త లేఅవుట్ వేయడం ఈ ఊరికి తప్పు. మురుగు శుద్ధి కేంద్రం ఇప్పటికే నిండిపోయి ఉంటే ఏ ఇల్లూ కట్టకముందు దాన్ని పెంచాలి. ఈ ఒక్క విషయం అడగకుండా నక్షా గీయించుకునే ఊళ్లు ఎన్నో.

ఊరి చేతిలో నడిబొడ్డున పాత కార్యాలయమో, మూతపడ్డ గోదామో, వాడని పార్కింగ్ స్థలమో ఉంటే దాన్ని వేలం వేయొద్దు. భూ ట్రస్టుకో, గృహ సంస్థకో లీజుకు ఇచ్చి దాని మీద భవనం కట్టించాలి. నేల ధర లెక్కలోంచి పోతే చిన్న ఇంటి అద్దె నిజంగానే దిగుతుంది.

రాబడి తక్కువ, వలస ఎక్కువ అయిన ఊరికి పెరిగే ఇళ్లు. కాని బస్సు, పనిచోట్లు దగ్గరున్న నేలలోనే. వృద్ధులు ఎక్కువైన ఊరికి నేల మీది చిన్న ఇళ్లు, లేదా కింది అంతస్తు వారికి కేటాయించిన భవనాలు. వాళ్లు ఖాళీ చేసే పెద్ద ఇళ్లను రెండుగా విభజించుకునే అనుమతి కూడా జోడిస్తే ఇటుక పేర్చకుండానే ఇంకొన్ని ఇళ్లు పుడతాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2019లో 10,000 జనాభా దాటిన పట్టణాల్లో ఒక ఇంటికి అనుమతున్న ప్రతి ప్లాటులో రెండిళ్లకు వీలుండాలని చట్టం చేసింది. పొరుగువాళ్ల అభ్యంతరాలకు జడిసే పాలకమండలికి అలాంటి రాష్ట్రస్థాయి చట్టం పెద్ద అండ.

నియమాలు మార్చాక రెండేళ్లకోసారి లెక్క తీయండి: ఏ రకం ఎన్ని కట్టారు, ఎన్ని దరఖాస్తులు మధ్యలో ఆగాయి, ఎందుకు ఆగాయి. అనుమతించిన రకం ఒక్కటీ రాకపోతే జనానికి ఇష్టం లేదని తీర్పు చెప్పే ముందు, ఊళ్లో ఇళ్లు కట్టే ఇద్దరు ముగ్గురు మేస్త్రీలను కూర్చోబెట్టి అదే ప్లాటులో గీయమనండి. పెన్సిలు ఏ సెట్‌బ్యాక్ దగ్గర, ఏ పార్కింగ్ గడి దగ్గర ఆగిపోతుందో అరగంటలో తేలుతుంది. తరవాతి సవరణ అక్కడ చేయాలి.